కొన్న జట్టు – పెంచిన జట్టు
(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

2022 మార్చి 20వ తేదీ రాత్రి గోవాలోని ఫటోర్డా స్టేడియంలో హైదరాబాదు ఎఫ్.సి. టీము ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1–1 దగ్గర సమానంగా ముగియగా, పెనాల్టీలలో 3–1తో గెలుపు మనదయింది. మన గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 2025 అక్టోబరు వచ్చేసరికి ఆ టీమే మనకు లేదు. ఓడిపోయి కింది లీగుకు దిగిపోయిందా అంటే అదీ కాదు. పేరు మార్చుకుని, సామాను సర్దుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. కప్పు నుంచి ఖాళీ దాకా మూడున్నర సంవత్సరాలు! మా వైపు చీనీ చెట్టు కాపుకు రావడానికి కూడా అంతకన్నా ఎక్కువ కాలమే పడుతుంది.

దీని మీద మా హాస్టలులో రెండు అభిప్రాయాలు వున్నాయి. డబ్బు లేక పోయింది అని కొందరు. తెలుగువాళ్లకు క్రికెట్టు తప్ప మరొకటి పట్టదు గనుక పోయింది అని కొందరు. నేను రెండూ ఒప్పుకోను. డబ్బు లేకపోవడం నిజమే. కానీ డబ్బు పోయిన రోజున ఊరి పేరు కూడా చెరిగిపోయేటట్లు ఆ టీమును కట్టారు చూడండి, అసలు తప్పు అక్కడ వుంది. టీము కట్టే పద్ధతిలో వుంది, ఆ పద్ధతికి అడ్డు చెప్పని రూళ్లలో వుంది. నేను చెప్పదలచినది ఇంతే.

ఆ టీము ఎలా తయారయిందో మొదట చూద్దాం. 2019లో పూనా టీము మూతబడితే దాని స్థానంలో హైదరాబాదు పేరుతో కొత్త టీము వచ్చింది. మొదటి ఏడు పది టీములలో పదవ స్థానం. 2020లో స్పెయిను దేశస్థుడు మనోలో మార్కెజ్ కోచిగా వచ్చాడు. ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ ముచ్చటగా వుంటుంది. పేరున్న వాళ్ల వెంట పడకుండా, ఇరవై ఏళ్లు కూడా నిండని ఆకాశ్ మిశ్రాను డిఫెన్సులో ఎడమ పక్కన, 21 ఏళ్ల ఆశిష్ రాయ్‌ను కుడి పక్కన నిలబెట్టాడు. లిస్టన్ కొలాసో అనే గోవా కుర్రవాడికి బంతి యిచ్చి "ఇక నీ యిష్టం" అన్నట్లు వదిలిపెట్టాడు. ముందు వరసలో మాత్రం 37 ఏళ్ల నైజీరియా ఆటగాడు ఒగ్బెచే. కప్పు గెలిచిన ఆ సీజనులో ఆయన 18 గోలులు కొట్టాడు. లేత ఎద్దుకు పని నేర్పాలంటే పక్కన ముదురు ఎద్దును కట్టి దున్నిస్తారు, సేద్యగాళ్ల పిల్లలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంతవరకు మెచ్చుకోవలసిందే. కానీ ఆ ఫైనలులో మొదట మైదానంలో దిగిన పదకొండు మందిని చూడండి. గోవా వాడున్నాడు, సిక్కిం వాడున్నాడు, మణిపూరు, ఉత్తరప్రదేశ్, బెంగాలు వాళ్లున్నారు. విదేశీయులున్నారు. తెలుగు గడ్డ మీద ఆట నేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు. ఆ కుర్రవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్ల కోసం నేను గొంతు పోయేలా అరిచాను. అయితే ఆ మరుసటి ఏడాదుల్లో ఏమయింది? లిస్టన్ అప్పటికే కలకత్తా పోయాడు. ఆశిష్ రాయ్ కలకత్తా పోయాడు. ఆకాశ్ మిశ్రా బొంబాయి పోయాడు. 2023లో కోచి గారు గోవా పోయారు. జీతాలు అందక విదేశీయులు దాదాపు అందరూ విమానం ఎక్కారు. 2023–24లో ఆడిన 22 మ్యాచిలలో ఒకే ఒక్క గెలుపు. పోయినవాళ్ల స్థానంలో నిలబడటానికి మన దగ్గర తయారైన పిల్లలు లేరు. ఎందుకు లేరు? ఎవరూ నాటలేదు గనుక!

మాది అనంతపురం జిల్లా, చెనక్కాయ పంట. మా నాయన ఎంత కరువు వచ్చినా విత్తనపు కాయల మూట మీద చేయి వేయనివ్వడు. పండగకు ఉండలు చేసుకుందామని మా అవ్వ అడిగినా సరే. "ఆ మూట మనది కాదు, వచ్చే ఏటిది" అంటాడు. ఆ మూట అమ్ముకున్నవాడు మరుసటి ఏడు ఏరువాక రోజుల్లో సబ్సిడీ విత్తనాల కోసం తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడాలి, దొరికిన రకమే వేసుకోవాలి, మొలిస్తే మొలిచినట్లు. ఇప్పటి మన ఫుట్‌బాలు క్లబ్బులలో చాలా వాటి పరిస్థితి ఆ క్యూలో నిలబడిన రైతు పరిస్థితే. ప్రతి వేసవిలో కొంటారు, ప్రతి సీజను చివర అమ్ముతారు. మధ్యలో మూట కట్టేవాడు లేడు.

మన దగ్గర మూట కట్టిన మనిషి లేకపోలేదు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. 1950 నుంచి 1963లో మరణించే దాకా హైదరాబాదు సిటీ పోలీసు టీముకు కోచి. ఆ టీము 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. ఆయన చేతి కిందనే భారతదేశం 1951లోనూ, 1962లోనూ ఏషియన్ క్రీడలలో బంగారు పతకం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ మెల్బోర్న్ టీములో హైదరాబాదు ఆటగాళ్లు అనేకులు. సికింద్రాబాదు అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం వారిలో ఒకడు. 2024లో "మైదాన్" సినిమా వచ్చాక గానీ మనలో చాలామందికి రహీం గారి పేరు తెలియలేదంటే ఎవరిని అనాలి?

ఆయన ఆటగాళ్లను కొనలేదు, కొనడానికి డబ్బూ లేదు. ఉన్నవాళ్లతోనే టీము కట్టాడు. 1962 జకార్తాలో డిఫెండరు జర్నయిల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, అతణ్ణి బయట కూర్చోబెట్టకుండా ముందు వరసకు పంపించాడు. ఫైనలులో దక్షిణ కొరియా మీద 2–1తో గెలిచినప్పుడు ఆ రెండు గోలులలో ఒకటి ఆ జర్నయిల్ సింగుదే. టీము కట్టడమంటే మంచివాళ్లను పోగు చెయ్యడం కాదనీ, వున్నవాళ్లలో ఎవడు ఎక్కడ పనికివస్తాడో కనిపెట్టడమనీ దీన్నిబట్టి తెలుస్తుంది.

అంతకన్నా నన్ను ఆకర్షించిన సంగతి మరొకటి వుంది. రహీం గారు డ్రిబ్లింగు చెయ్యకూడదు అనే నియమంతో పోటీలు పెట్టేవారట. బంతి కాలికి తగిలితే వెంటనే పాసు ఇవ్వాలి, ఒక్కడే పట్టుకుని మెలికలు తిప్పుకుంటూ పోవడానికి వీలు లేదు. ఏమిటీ పిచ్చి రూలు అనిపిస్తుంది. కానీ ఆ రూలు కింద ఆడినవాడు చచ్చినట్టు తల ఎత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూడాలి కదా! ఉపన్యాసం చెబితే రాని అలవాటు రూలు పెడితే వచ్చింది. నీళ్లను పొమ్మంటే పోవు, కాలువ తీస్తే పోతాయి.

ఫుట్‌బాలు చరిత్ర అంతా ఇదే. 1952 హెల్సింకిలో మనవాళ్లు కొందరు వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడాక గానీ మన దేశంలో బూట్లు తప్పనిసరి కాలేదు. 1992కు ముందు డిఫెండరు వెనక్కు తన్నిన బంతిని గోలీ హాయిగా చేతులతో పట్టుకునేవాడు, సమయం గడిపేవాడు. కాలితో ఇచ్చిన పాసును చేతితో తాకరాదని రూలు మార్చగానే గోలీలకు కాళ్లతో ఆట నేర్చుకోక తప్పలేదు. ఇప్పటి గోలీలు కొందరు మన కాలేజీ సెంటర్ హాఫ్ కన్నా బాగా పాసు ఇస్తారు. (సెంటర్ హాఫ్ గారు నన్ను క్షమించాలి, వారు నా రూమ్మేటే.) 2025లో వచ్చిన ఎనిమిది సెకండ్ల రూలు కూడా నాకు నచ్చింది. గోలీ అంతకు మించి బంతి చేతిలో పట్టుకుంటే అవతలి టీముకు కార్నరు. బంతిని కౌగిలించుకుని పడుకునే రోజులు పోయాయి.

మరి మన లీగులో రూళ్లు ఎటు కాలువ తీశాయి? 2014లో సూపర్ లీగు మొదలైనప్పుడు మైదానంలో ఒక టీముకు ఆరుగురు విదేశీయులు వుండవచ్చును. 2017లో ఐదుగురికి దించారు. 2021లో నలుగురికి దించారు. మంచిదే, సంతోషించాను. కానీ ఆ నలుగురు ఎక్కడ ఆడుతున్నారో చూడండి. క్లబ్బులు బుద్ధిగా లెక్క వేసుకుని గోలులు కొట్టే చోట, బంతి పంచే చోట విదేశీయులను పెట్టి, మిగిలిన చోట్ల మనవాళ్లను పెట్టాయి. ఫలితం? 2014 నుంచి 2024–25 దాకా పదకొండు సీజన్లు జరిగాయి. అందరికన్నా ఎక్కువ గోలులు కొట్టినవాడికి యిచ్చే బంగారు బూటు ఒక్కసారి కూడా భారతీయుడికి రాలేదు. 2024లో రిటైరైన సునీల్ ఛెత్రీని 2025 మార్చిలో, 40 ఏళ్ల వయసులో, మళ్లీ పిలిపించుకోవలసి వచ్చింది. పిలిచిన కోచి ఎవరో కాదు, కుర్రవాళ్లతో హైదరాబాదును గెలిపించిన ఆ మనోలో గారే! ఆయన మాత్రం ఏం చేస్తారు, పొలంలో మొలక లేకపోతే? 2027 ఏషియన్ కప్పుకు మన దేశం అర్హత కూడా సంపాదించలేకపోయింది.

కాబట్టి విదేశీయులు ఎంతమంది అని లెక్క పెట్టే రూలు ఒక్కటే చాలదంటాను. ఎంతమందిని వద్దంటున్నామో చెప్పడం కాదు, ఎంతమందిని పెంచావో చెప్పమని అడగాలి. యూరపులో ఆ పని చేశారు. అక్కడి పెద్ద పోటీలలో ఆడాలంటే 25 మంది జాబితాలో 8 మంది ఆ దేశంలో తయారైనవారై వుండాలి, అందులో నలుగురు ఆ క్లబ్బులోనే తయారైనవారై వుండాలి. తయారవడమంటే 15, 21 ఏళ్ల మధ్య మూడు సంవత్సరాలు అక్కడ శిక్షణ పొందడం. ఏ దేశస్థుడైనా ఫరవాలేదు. ఈ ఆఖరి మాట నాకు చాలా నచ్చింది. పుట్టుకను అడగరు, పెంపకాన్ని అడుగుతారు. కలకత్తా లీగులో ఈమధ్య బెంగాలు కుర్రవాళ్లను కొందరిని తప్పనిసరిగా ఆడించాలని నియమం పెట్టారు. ఉద్దేశం మంచిదే, కానీ నేనైతే పుట్టిన ఊరి సర్టిఫికెట్టు అడగను. మణిపూరు పిల్లవాడు మూడేళ్లు గచ్చిబౌలిలో వుండి ఆట నేర్చుకుంటే వాడు మనవాడే. బలరాం గారి తల్లిదండ్రులు తమిళులు, అయినా ఆయనను కాదనగలమా?

స్పెయినులో అథ్లెటిక్ బిల్బావు అనే క్లబ్బు వుంది. బాస్కు ప్రాంతంలో పుట్టినవాళ్లనో, అక్కడ ఆట నేర్చుకున్నవాళ్లనో తప్ప యింకెవరినీ తీసుకోరు. వందేళ్లకు పైబడిన కట్టుబాటు అది. "అలాగైతే మునుగుతారు" అని ఎవరైనా అంటారు. 1929లో స్పెయిను లీగు పెట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా కింది డివిజనుకు దిగని క్లబ్బులు మూడే మూడు. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, ఈ బిల్బావు. 2024లో స్పెయిను రాజు కప్పు కూడా గెలిచారు, నలభై ఏళ్ల తర్వాత. నలభై ఏళ్లు ఆ ఊరివాళ్లు ఓపిక పట్టారు. మనకు నాలుగేళ్లు కూడా పట్టలేదు.

ఇక సబ్‌స్టిట్యూట్ల సంగతి. ఒకప్పుడు ముగ్గురు. 2020లో కరోనా వల్ల తాత్కాలికమని ఐదుగురిని చేశారు, 2022లో దాన్ని శాశ్వతం చేశారు. తాత్కాలికం శాశ్వతం కావడం మనకు కొత్త కాదు గానీ, దీనివల్ల లాభపడింది ఎవరు? బెంచీ మీద కూడా లక్షల జీతగాళ్లను కూర్చోబెట్టగల ధనిక క్లబ్బులు. అరవయ్యవ నిమిషంలో పేద టీము అలసిపోతుంది, ధనిక టీము సగం టీమును మార్చుకుంటుంది. నన్ను అడిగితే మన లీగులో ఆ ఐదుగురిలో ఇద్దరిని సొంత అకాడమీలో పెరిగిన 21 ఏళ్ల లోపు పిల్లలకు కేటాయించాలి. అటువంటి పిల్లలు లేరా, నీకు ముగ్గురే సబ్‌స్టిట్యూట్లు. ఎవరినీ నిర్బంధించినట్లు కాదు, పెంచినవాడికి రెండు ఊపిరులు ఎక్కువ యిచ్చినట్లు. అలాగే సీజను మొదలు కాక ముందే ఆటగాళ్ల జీతాలకు సరిపడా డబ్బు బ్యాంకులో కట్టించాలి. క్లబ్బును మరో ఊరికి మార్చాలంటే కనీసం ఒక సీజను ముందు చెప్పాలి, అకాడమీ పిల్లల బాధ్యత తీర్చాలి. చందాలు కట్టి, డ్రమ్ములు కొట్టి, పసుపు చొక్కాలు కొనుక్కున్నవాళ్లకు ఒక ఉత్తరం ముక్క అయినా రావద్దా?

దీనికి మా సీనియరు ఒకాయన యిలా అన్నాడు: "ఏమప్పా, ఆటలో రిజర్వేషన్లు పెడితే ఆట చెడిపోదా? బాగా ఆడేవాడు ఆడాలి గానీ." వినడానికి న్యాయంగానే వుంటుంది. కానీ బాగా ఆడేవాడు ఆకాశం నుంచి ఊడిపడడు. పదునాలుగేళ్ల వయసులో వాడికి గ్రౌండు, బంతి, కోచి, రెండు పూటలా తిండి వుండాలి. ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి. ఖర్చు పెట్టినవాడికి లాభం లేకపోతే, సిద్ధంగా వున్నవాణ్ణి కొనుక్కోవడమే తెలివి అవుతుంది. అందరూ తెలివిగలవాళ్లయితే పెంచేవాడెవడు?

పిల్లలు లేరనే మాటను మాత్రం ఒప్పుకోవద్దు. నిజామాబాదు జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2024–25కు గాను దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలు క్రీడాకారిణిగా ఎంపికయింది. ఆమె ఆడింది కలకత్తా ఈస్ట్ బెంగాలుకు. 1957లో బలరాం పోయిందీ ఆ ఈస్ట్ బెంగాలుకే, తర్వాత మహమ్మద్ హబీబ్ పోయిందీ అక్కడికే. డెబ్బై ఏళ్లుగా ఒకే దారి! మా అనంతపురంలో ఆర్.డి.టి. వారి క్రీడా గ్రామంలో స్పెయిను లా లిగా వారి సాయంతో పిల్లలకు ఫుట్‌బాలు నేర్పుతూ వచ్చారు. చెనక్కాయ రైతుల పిల్లలు అక్కడ స్పెయిను పద్ధతిలో పాసులు వేయడం నేను చూశాను. వాళ్లు పద్దెనిమిదేళ్లకు ఎక్కడికి పోవాలి? 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మళ్లీ ఇంతవరకు గెలవలేదు. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ ఫైనలు మన గచ్చిబౌలిలోనే జరిగింది, ఆడినవాళ్లు బెంగాలు, కేరళ. మనం కుర్చీలు వేశాం.

పెద్ద లీగు రూళ్లు మనం మార్చలేం. మన గ్రౌండు రూళ్లు మార్చుకోవచ్చు. అంతర కళాశాలల పోటీలలో జరుగుతున్నది అందరికీ తెలిసిందే. పోటీలు పదిహేను రోజులున్నాయనగా ఎక్కడి నుంచో నలుగురు దిగుతారు. వాళ్లను ఏ క్లాసులోనూ, ఏ ల్యాబులోనూ మనం చూసి ఎరుగం. ఏడాదంతా ఉదయం ఐదు గంటలకు లేచి పరుగెత్తినవాళ్లు నీళ్ల సీసాలు మోస్తారు. అలా చేసిన ఒక కాలేజీ కిందటేడు కప్పు కూడా కొట్టింది, పేరు ఎందుకులెండి. ఆ కప్పు వాళ్ల ప్రిన్సిపాలుగారి బీరువాలో వుంది, కొట్టిన నలుగురు మాత్రం ఆ ఊళ్లో లేరు.

విద్యార్థి సంఘం వారికి నేను చేసే మనవి ఇది. వచ్చే సంవత్సరం మన టీము 16 మందిలో కనీసం 10 మంది జూలై నుంచి ప్రాక్టీసుకు వచ్చినవాళ్లు వుండాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయండి. హాజరు పట్టీ మా సెంటర్ హాఫ్ రాస్తానన్నాడు. రెండవది, రహీం గారి పద్ధతిలో డ్రిబ్లింగు లేని టోర్నమెంటు ఒకటి హాస్టలు గదుల మధ్య పెట్టుకుందాం. టీముకు ఏడుగురు, ఆట ఇరవై నిమిషాలు. బంతిని మూడోసారి తాకితే ఫౌలు. ప్రతి టీములో యిద్దరు మొదటి సంవత్సరం వాళ్లు తప్పనిసరి. క్రీడా కార్యదర్శి గారు రెండు బంతులు, ఒక విజిలు యిప్పిస్తే చాలు. గీతలకు సున్నం మేము తెచ్చుకుంటాం, గోలు కర్రలు మా ఊరి నుంచి యెద్దుల బండి మీద కాకపోయినా ఆర్టీసీ బస్సు మీదనైనా తెప్పిస్తాను. సెప్టెంబరు మొదటి ఆదివారం అయితే పరీక్షలకు అడ్డం రాదు.